బరువు తగ్గవలెను, బలం తగ్గరాదు

(కార్యకర్తల శిక్షణ తరగతిలో సమాఖ్య ఆరోగ్య సంక్షేమ ఉపసంఘం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతులలో ఇంతవరకు వేతనాల గురించి, పింఛను గురించి, రోస్టర్ల గురించి, ఖాళీల భర్తీ గురించి చర్చించుకున్నాము. ఇప్పుడు మన శరీరాల గురించి మాట్లాడవలసినదిగా సమాఖ్య మా ఉపసంఘాన్ని ఆదేశించినది. యూనియన్ తరగతిలో కసరత్తు పాఠమేమిటని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. వారికి మా మనవి ఒక్కటే. 1974 మే 8వ తేదీన దేశమంతటా రైల్వే కార్మికులు సమ్మెలోకి దిగినప్పుడు, వారి కోర్కెలలో ఎనిమిది గంటల పనిదినం కూడా ఒకటి. పనిగంటల కొరకు జరిగిన ఆ పోరాటం అసలు శరీరం కొరకు జరిగిన పోరాటమే. విశ్రాంతి హక్కు కొరకు ఇన్నేళ్ళు పోరాడిన కార్మికోద్యమం, ఆ విశ్రాంతి దొరికిన గంటలలో ఒంటిని ఎట్లా నిలబెట్టుకోవలెనో కూడా చెప్పవలసి ఉన్నది.

మేము చెప్పదలచినది ముందుగా క్లుప్తంగా చెబుతాము. మనలో చాలామంది బరువు తగ్గవలసిన స్థితిలో ఉన్నారు. కాని తిండి మాత్రమే తగ్గించి బరువు తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. కండ పోయిన శరీరం నేడు డ్యూటీని, రేపు పింఛను రోజులను సరిగా మోయలేదు. కావున బరువు తగ్గడం మొదలుపెట్టిన వారమే చిన్న బరువులు ఎత్తడం కూడా మొదలుపెట్టవలెను. ఇది పహిల్వానుల కొరకు చెబుతున్న మాట కాదు. ఎన్నడూ డంబెల్ పట్టని నలభై, యాభై ఏళ్ళ ఉద్యోగి కొరకు చెబుతున్న మాట.

కూర్చునే పని, కదిలే పని

1953వ సంవత్సరంలో బ్రిటన్‌లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు లండన్ బస్సు ఉద్యోగులను పరిశీలించి తమ ఫలితాలను 'లాన్సెట్' వైద్య పత్రికలో ప్రకటించారు. డబుల్ డెక్కర్ బస్సులో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్ల కొరకు రోజంతా మెట్లు ఎక్కి దిగుతుంటాడు. అదే బస్సు, అదే దారి. అయినా గుండె జబ్బు కండక్టర్లలో తక్కువగానూ డ్రైవర్లలో ఎక్కువగానూ కనబడినది. తపాలా మిత్రులు గమనింపవలసిన విషయం మరొకటి కలదు. ఆ పరిశీలనలో అక్కడి తపాలా ఉద్యోగులను కూడా చేర్చారు. నడిచి, సైకిలు తొక్కి ఉత్తరాలు పంచే పోస్టుమెన్ కన్నా, కుర్చీలలో పనిచేసే గుమాస్తాలలోనూ టెలిఫోను ఆపరేటర్లలోనూ గుండె జబ్బు ఎక్కువగా ఉన్నది.

1962లో హెన్రీ టేలర్ బృందం అమెరికా రైల్వే ఉద్యోగుల మరణాల రేట్లను పోల్చి చూసింది. ఆఫీసు గుమాస్తాలు, యార్డులో పనిచేసే స్విచ్‌మెన్, పట్టాల మీద పనిచేసే సెక్షన్‌మెన్ అని మూడు తరగతులు. గుమాస్తాలలో మరణాల రేటు అన్నిటికన్న ఎక్కువ, సెక్షన్‌మెన్‌లో అన్నిటికన్న తక్కువ.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవలెను. మోరిస్ బృందమే 1956లో బస్సు ఉద్యోగుల యూనిఫారం కొలతలను తీసి చూసింది. డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత కండక్టర్ల కన్నా పెద్దది, అదీ పిన్న వయస్కులలోనే. అంటే మొత్తం నేరం డ్రైవరు సీటుదే అనడానికి వీలులేదు. అయితే ఆ తరువాతి దశాబ్దాలలో అనేక దేశాలలో జరిగిన పరిశోధనలు శరీర శ్రమ గుండెకు మేలు చేస్తుందని ధ్రువపరచినవి.

మన శాఖలలో పని స్వభావం ఎట్లా మారినదో మీకు తెలియనిది కాదు. బొగ్గు ఇంజన్ల నాడు ఫైర్‌మన్ పార పట్టి బొగ్గు వేసేవాడు. నేటి లోకో పైలట్ సిగ్నళ్ళ మీద చూపు నిలిపి గంటల తరబడి సీటులో ఉండవలెను. స్టేషన్ మాస్టరు ప్యానెల్ ముందు, బుకింగ్ క్లర్కు కౌంటరులో, తపాలా సహాయకుడు కంప్యూటరు ముందు ఉంటారు. ఆర్‌.ఎం.ఎస్. సార్టరు రాత్రంతా నిలబడి పనిచేసినా, ఆ నిలబడటం వలన కండకు సాధన లభించదు. పాత కష్టాన్ని మేము కీర్తించడం లేదు. ఆ కష్టం పోయినది, దానితోపాటు శరీరానికి అవసరమైన కదలిక కూడా పోయినది. ఆ కదలికను మనమే తిరిగి తెచ్చుకోవలెను.

నడుము కొలత చెప్పే నిజం

బరువు ఎక్కువో కాదో తెలుసుకోవడానికి ఒక కొలత టేపు చాలు. బొడ్డు స్థాయిలో, ఊపిరి సహజంగా వదిలిన తరువాత కొలవండి. భారతీయులకు నిపుణులు నిర్ణయించిన హద్దు పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు. ఎత్తును బట్టి బరువు చూసే పద్ధతి మరొకటి. 2009 నాటి భారతీయ వైద్య నిపుణుల ఒప్పందం ప్రకారం మనకు శరీర భార సూచిక 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. 165 సెంటీమీటర్ల ఎత్తు గల మనిషికి ఈ హద్దులు సుమారు 63 కిలోలు, 68 కిలోలు. పాశ్చాత్యులకన్న తక్కువ హద్దులు మనకెందుకంటే, మన శరీరాలలో తక్కువ బరువుకే కడుపు చుట్టూ కొవ్వు చేరి మధుమేహానికి దారి తీస్తున్నది. భారత వైద్య పరిశోధన మండలి సహాయంతో జరిగిన పరిశీలన 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతో ఉన్నారు.

రన్నింగ్ సిబ్బందికి ఇది ఆసుపత్రి విషయం మాత్రమే కాదు, ఉద్యోగ విషయం కూడా. నిర్ణీత కాలానికి జరిగే వైద్య పరీక్షలు వయసు పెరిగిన కొద్దీ దగ్గర దగ్గరగా వస్తాయి. చూపు, రక్తపోటు, చక్కెర అదుపు తప్పితే వైద్య కేటగిరీ తగ్గి, చేతిలో ఉన్న పని విడిచి మరో పనికి పోవలసి రావచ్చు. ఆ భయంతోనే పరీక్షకు రెండు నెలల ముందు అన్నం మానివేసి, మజ్జిగతో కాలం గడిపేవారు మన మధ్య ఉన్నారు. వారికే ముఖ్యంగా ఈ పాఠం.

పస్తు ఎందుకు చాలదు

తినేది తగ్గించినప్పుడు శరీరం తన నిల్వలను ఖర్చు చేస్తుంది. ఆ నిల్వ కొవ్వు ఒక్కటే కాదు. వ్యాయామం లేకుండా తిండి తగ్గించినవారిలో పోయిన బరువులో రమారమి నాలుగో వంతు కొవ్వు కానిది, అందులో అధికభాగం కండ, ఉంటుందని వైద్యశాస్త్రపు స్థూలమైన లెక్క. ఎనిమిది కిలోలు తగ్గినవాడు రెండు కిలోల మేరకు ఈ విధంగా నష్టపోవచ్చు. పరీక్ష అయిపోగానే పాత తిండి మొదలై బరువు తిరిగి వస్తుంది. కాని ఏ సాధనా లేనివారిలో తిరిగి వచ్చేది ఎక్కువగా కొవ్వే. ఇట్లా రెండు మూడు పర్యాయాలు జరిగితే తూకంలో అదే బరువు ఉంటుంది, ఒంట్లో మాత్రం కండ తక్కువ, కొవ్వు ఎక్కువ.

కండ వలన ప్రయోజనం బరువులు మోయడం ఒక్కటే కాదు. భోజనం తరువాత రక్తంలో చేరిన చక్కెరలో పెద్ద భాగాన్ని కండరాలే తీసుకుంటాయి. మోకాలిని, నడుమును పట్టి ఉంచేవి అవే. ఇంజను మెట్లు ఎక్కడం, సంచి భుజానికెత్తుకోవడం, డెబ్బయ్యో ఏట కుర్చీలోనుండి చేయూత లేకుండా లేవడం అన్నీ కండ చేసే పనులే. బరువులెత్తే సాధన చేస్తూ తగినన్ని మాంసకృత్తులు తింటే, ఈ కండ పని మీద ఉన్నదని శరీరం గుర్తించి దానిని చాలావరకు విడిచిపెట్టి కొవ్వును ఖర్చు చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలలో పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతోపాటు, కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం కూడా చేయవలెనని చెప్పినది. మొదటి భాగాన్ని మనలో కొందరు ఉదయపు నడక ద్వారా పాటిస్తున్నారు. రెండవ భాగాన్ని దాదాపు అందరమూ విడిచిపెట్టాము.

కొన్ని సందేహాలు

"మా వయసు మించిపోయినది" అనేవారు ఉన్నారు. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో, సగటు వయసు 90 ఏళ్ళు గల పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. సాధన పూర్తి చేసినవారి తొడ కండరాల బలం సగటున రెండింతలకు మించి పెరిగినది. తొంభై ఏళ్ళకు మించని వయసు యాభై ఏళ్ళకు మించునా?

"దెబ్బ తగులుతుంది" అనేవారు ఉన్నారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో థామస్ డెలార్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు గాయపడిన సైనికుల మోకాళ్ళను బాగుచేయడానికే బరువులను ఉపయోగించాడు. చిన్న బరువుతో మొదలుపెట్టి క్రమంగా పెంచడమే ఆయన పద్ధతి. నేటికీ అదే పద్ధతి.

"ఆడవారికి ఇది తగదు" అనేవారు కూడా ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించినది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. టోక్యో ఒలింపిక్స్‌లో 2021లో 49 కిలోల తరగతిలో మొత్తం 202 కిలోలు ఎత్తి రజతం పొందిన మీరాబాయి చాను ఆనాడు రైల్వే ఉద్యోగి. అంత బరువు మన సోదరీమణులెవరూ ఎత్తనక్కరలేదు. అయితే వయసు మళ్ళిన స్త్రీలలో ఎముకలు గుల్లబారడం ఎక్కువ. బరువుల సాధన ఎముకలకు కూడా బలమిస్తుంది. కావున వారికే దీని అవసరం మరింత ఉన్నది.

ఇది మనకు పరాయి విద్య కాదు. దండీలు, బస్కీలు, సాముగరిడీలు, ఊరి తాలింఖానాలు, సంగిడి రాళ్ళు మన పెద్దలకు తెలిసినవే. వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడి పేరు తెలియని తెలుగు ఇల్లు ఒకనాడు అరుదు.

ముందు డాక్టరు, తరువాత డంబెల్

రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు ఉన్నవారు, గిలక లేదా హెర్నియా ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు మొదట తమ వైద్యుని సంప్రదించవలెను. నలభై దాటి, చాలా ఏళ్ళుగా ఏ వ్యాయామమూ లేనివారు కూడా రక్తపోటు, చక్కెర చూపించుకొని మొదలుపెట్టడం మంచిది. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే మాత్రలు గాని వాడేవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. తిండి తగ్గించి, శ్రమ పెంచినప్పుడు పాత మోతాదు ఎక్కువై చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. కంట్రోలు ముందు కూర్చునేవారికి అది ప్రాణాంతకం. మందు మోతాదు వైద్యుడే మార్చవలెను.

సాధన మధ్యలో ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, విపరీతమైన ఆయాసం కలిగితే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళవలెను. మరునాడు కండలలో కలిగే తీపు సహజం. కీలులో గుచ్చినట్లు వచ్చే నొప్పి సహజం కాదు.

ఐదు కదలికలు

ఆరంభకునికి ఐదు కదలికలు చాలును. ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఒక గట్టి కుర్చీ, ఒక గోడ, పిడి ఉన్న ఒక బలమైన సంచి, కొంత ఇసుక, రెండు నీళ్ళ క్యాన్లు ఉంటే ఇంటిలోనే సాధ్యం. ఐదు లీటర్ల నీళ్ళు అంటే ఐదు కిలోలు. కొలవడానికి వేరే తూకం కూడా అక్కరలేదు.

మొదటిది బస్కీ. కుర్చీ ముందు నిలబడి, నెమ్మదిగా కూర్చుని, చేతులు ఆనించకుండా లేవవలెను. మోకాళ్ళు లోపలికి వాలరాదు. సులువైన తరువాత నీళ్ళ క్యానును ఛాతీకి ఆనించి పట్టుకొని చేయవలెను.

రెండవది నెట్టడం. గోడకు రెండు అడుగుల దూరంలో నిలబడి దండీ తీయవలెను. తరువాత బల్ల మీద చేతులు ఆనించి, చివరకు నేల మీద.

మూడవది లాగడం. ఒక చేయి కుర్చీ మీద ఆనించి, నడుము నిటారుగా ఉంచి ముందుకు వంగి, రెండవ చేతితో సంచిని నడుము వరకు లాగి నెమ్మదిగా దింపవలెను. రోజంతా కౌంటరు మీదికి వంగి ఉండేవారి వీపుకు ఇది ఎంతో అవసరం.

నాలుగవది నేల నుండి ఎత్తడం. బరువును పాదాలకు దగ్గరగా ఉంచి, తుంటి వెనుకకు నెట్టి, వెన్ను వంచకుండా పట్టుకొని, కాళ్ళ బలంతో లేవవలెను. పార్సెల్ ఆఫీసులో, మెయిల్ వ్యానులో సంచులు ఎత్తే పద్ధతి కూడా ఇదే కావలెను.

ఐదవది మోయడం. రెండు చేతులలో సమానమైన బరువులు పట్టుకొని, భుజాలు వంచకుండా ముప్పై నలభై అడుగులు నడవవలెను.

మోయడం తప్ప తక్కిన ప్రతి కదలికను ఎనిమిది నుండి పన్నెండు మార్లు చేస్తే ఒక దఫా. ఒక నిమిషమో రెండు నిమిషాలో ఆగి రెండవ దఫా. మోయడం రెండు దఫాలు నడిస్తే చాలు. మొదట ఐదు నిమిషాలు చేతులూ కాళ్ళూ ఆడించి ఒళ్ళు వెచ్చబరచుకోవలెను. మొత్తం అరగంట, నలభై నిమిషాలు. బరువు ఎంత ఉండవలెనంటే, దఫా ముగిసేసరికి ఇంకా రెండు మార్లు చేయగల ఓపిక మిగిలి ఉండవలెను. ఎత్తేటప్పుడు ఊపిరి వదలవలెను, దింపేటప్పుడు పీల్చవలెను. ఊపిరి బిగబట్టి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది.

మొదటి రెండు వారాలు బరువు లేకుండానో, రెండు మూడు కిలోలతోనో కదలిక నేర్చుకోవడానికే వినియోగించండి. మూడవ వారం నుండి ఒక నియమం పాటించండి. వరుసగా రెండు రోజుల సాధనలో రెండు దఫాలూ పన్నెండేసి మార్లు చేయగలిగితే, తరువాతి సాధనకు ఒక కిలోనో రెండు కిలోలో పెంచి మళ్ళీ ఎనిమిది మార్ల నుండి ప్రారంభించవలెను. ఇంతకుమించిన రహస్యం ఏదీ లేదు. పన్నెండు వారాలు ఇట్లా చేసిన తరువాత మూడవ దఫా కలుపుకోవచ్చు.

రోస్టరుతో ఎట్లా పొసగుతుంది

"సోమ, బుధ, శుక్రవారాలు" అని పుస్తకాలలో వ్రాసి ఉంటుంది. మన జీవితాలలో వారాలు లేవు, డ్యూటీలు ఉన్నవి. కావున వారం పేర్లు వదలి గంటలు లెక్కించండి. ఒక సాధనకు మరొక సాధనకు మధ్య రమారమి 48 గంటలు గడవవలెను, ఏడు రోజులలో రెండు సాధనలు పూర్తి కావలెను. వీలైతే మూడు. రెండుకు తగ్గరాదు.

రాత్రి డ్యూటీ దిగి వచ్చి బరువులు ఎత్తరాదు. ముందు నిద్ర. నిద్ర చాలనివారిలో ఆకలి పెరుగుతుంది, పట్టు తప్పి దెబ్బలు తగులుతాయి. రన్నింగ్ రూమ్‌లో విశ్రాంతి కూడా నిద్రకే చెందవలెను. నిద్ర చాలిన తరువాత సమయం మిగిలితే బస్కీలు, గోడ దండీలు అక్కడే చేయవచ్చు. బీటు తిరిగి వచ్చిన పోస్టుమన్‌కు, గ్రామీణ డాక్ సేవకునికి కాళ్ళు అలసి ఉంటాయి. ఆ రోజు లాగడం, నెట్టడం మాత్రం చేసి, బస్కీలు సెలవు రోజుకు ఉంచుకోవచ్చు. సంచి ఎల్లప్పుడూ ఒకే భుజాన వేసుకోకుండా మార్చుకోవలెను.

పట్టాల మీద పనిచేసే ట్రాక్ మెయింటైనర్లకు ప్రత్యేకంగా మనవి. ఎండలో సుత్తి, గునపం పట్టి గంటలు పనిచేసే మీకు ఇంకా బరువులు ఎత్తమని మేము చెప్పము. డ్యూటీలో చేసే మోతకు, సాధనకు భేదం కలదు. సాధనలో బరువును మనం నిర్ణయిస్తాము, నడుమ విశ్రాంతి ఉంటుంది, రెండు ప్రక్కలా సమానంగా శ్రమ పడుతుంది. డ్యూటీ మోతలో ఈ మూడూ లేవు. మీకు ముందు కావలసినవి విశ్రాంతి, నీరు, నీడ, తగినంత మంది సిబ్బంది. సెలవు దినాన తేలికగా వీపు, తుంటి కదలికలు చేసుకుంటే నడుము నొప్పికి మేలు.

కంచంలో ఏమి ఉండవలెను

బరువు వారానికి అర కిలో చొప్పున తగ్గితే చాలును. మూడు నెలలకు ఆరు కిలోలు. అంతకన్న తొందరపడితే కండ నష్టమవుతుంది. ఇందుకు రోజుకు ఐదు వందల కేలరీలు తగ్గించడం స్థూలమైన లెక్క. అది ఎక్కడినుండి తగ్గించవలెను? ముందు టీ లెక్క చూడండి. డ్యూటీలో ఆరు టీలు, ఒక్కొక్క దానిలో రెండు చెంచాల పంచదార. చెంచాకు ఐదు గ్రాముల చొప్పున 60 గ్రాములు, అనగా 240 కేలరీలు. స్టేషను బజ్జీలు, మిక్చరు మానివేస్తే మిగిలిన సగం కూడా తీరుతుంది. అన్నం పూర్తిగా మానవలసిన పనిలేదు. మూడు గరిటెలు వేసుకునేవారు రెండు గరిటెలు వేసుకొని, ఆ ఖాళీని పప్పుతో, కూరతో నింపవలెను.

మాంసకృత్తుల విషయం ముఖ్యం. భారత వైద్య పరిశోధన మండలికి చెందిన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫారసు చేసిన ప్రమాణం శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాములు. బరువు తగ్గుతూ సాధన చేసేవారు కిలోకు ఒక గ్రాముకు కొంచెం పైగా తీసుకోవడం మంచిది. 70 కిలోల మనిషికి సుమారు 75 గ్రాములు. మూడు గుడ్లలో 18, పచ్చి తూకంలో 75 గ్రాముల కందిపప్పులో 16, 400 మిల్లీలీటర్ల పాలు లేక పెరుగులో 12, 50 గ్రాముల వేయించిన శనగలలో 10, మిగిలినది అన్నం, చపాతీ, కూరలలో వస్తుంది. గుడ్డు తిననివారు పెసలు, అలసందలు, సోయా తీసుకోవచ్చు. చేపలు, మాంసం తినేవారు నూనెలో వేయించకుండా తినవలెను. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడగనిదే మాంసకృత్తులు పెంచరాదు.

వేలకు వేలు పోసి డబ్బాలలో కొనే పొడులు ఆరంభకునికి అనవసరం. కండలు పెంచే సూదులు, పదిహేను రోజులలో పది కిలోలు తగ్గిస్తామనే మందులు పూర్తిగా విడనాడవలెను. వాటివలన కాలేయం, గుండె చెడిపోయే ప్రమాదం ఉన్నది.

నోటుపుస్తకం

స్టేషనులో డైరీ లేకుండా ఒక రైలు కదలదు. తపాలా కార్యాలయంలో లెక్క సరిచూడకుండా ఒక సంచికి సీలు పడదు. మన శరీరానికి మాత్రం లెక్క లేకుండా ఉన్నది. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. వారానికొకసారి, ఉదయం పరగడుపున, బరువు, నడుము కొలత వ్రాయండి. ప్రతి సాధనకు ఎంత బరువు, ఎన్ని మార్లు అనేది వ్రాయండి. ఆరంభంలో కొన్నాళ్ళు కండరాలు నీరు పట్టి తూకం కదలకపోవచ్చు. అప్పుడు టేపును నమ్మండి. నడుము తగ్గుతూ, ఎత్తే బరువు పెరుగుతూ, కనీసం పడిపోకుండా ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్లే. తూకం వేగంగా పడిపోతూ, ఎత్తే బరువు కూడా పడిపోతుంటే తిండి మరీ తగ్గించారని అర్థం.

సంఘం చేయవలసినది

చివరగా సంఘం బాధ్యత. ఉద్యోగి లావైతే అది అతని సోమరితనమే అనే వాదనను మేము అంగీకరించము. వేళకాని వేళ భోజనం, తెగిన నిద్ర, ఖాళీల వలన పెరిగిన పని అతని ఒంటి మీద తమ గుర్తులు వేసినవి. కావున బరువును శిక్షకు సాకుగా వాడనీయరాదు. రన్నింగ్ రూమ్‌లలో పప్పు, కూరలతో కూడిన వేడి భోజనం, నిజమైన విశ్రాంతి, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల వ్యాయామశాలలు రాత్రి షిఫ్టు వారికి కూడా అందే వేళలు, సోదరీమణులకు అనుకూలమైన సమయం, పెద్ద తపాలా కార్యాలయాలలో ఒక గది, ఇవి మన కోర్కెల పట్టికలో చేరవలెను.

అదే సమయంలో మంజూరు ఉత్తర్వు వచ్చేవరకు చేతులు ముడుచుకొని కూర్చోరాదు. ప్రతి శాఖలో నలుగురైదుగురు సభ్యులు ఒక జట్టుగా ఏర్పడవలెను. ఖర్గపూర్ కాలనీలో ఉన్నా, విజయవాడలో ఉన్నా, సికింద్రాబాదులో ఉన్నా, కావలసినది ఒక గోడ, ఒక కుర్చీ, ఒక ఇసుక సంచి. ఒకరి పద్ధతిని మరొకరు సరిచూడవలెను. పన్నెండు వారాల తరువాత ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది నిలిచారు, డ్యూటీ ఎక్కడ అడ్డు వచ్చినది అనే నివేదికను శాఖా కార్యదర్శికి ఇవ్వవలెను. డ్యూటీ అడ్డు వచ్చిన చోట్ల వివరాలు రేపటి చర్చలలో మన చేతికి ఆధారాలవుతాయి.

ఈ వారంలోనే నడుము కొలవండి, రక్తపోటు చూపించుకోండి, కుర్చీ ముందు నిలబడి ఎనిమిది బస్కీలు తీయండి. మీ జట్ల నివేదికల కొరకు ఉపసంఘం ఎదురుచూస్తుంటుంది.